సుపరిపాలనా నగర్ వైమానిక విభాగం

భుజంగరావు చేసిన తప్పల్లా ఒక్కటే. అడిగాడు.

అడక్కుండా ఎగరేసుకుని ఉంటే ఏ గొడవా లేకపోను. ఆయన పాటికి ఆయన, ఆయన విమానం పాటికి ఆయన విమానం సుఖంగా ఉండేవారు. కానీ సర్వీసంతా ఆఫీసు సూపరింటెండెంటుగా కుర్చీ అరగదీసిన మనిషి అడక్కుండా ఎలా ఉంటాడు చెప్పండి! ఆఫీసులో ఫ్యాను చెడిపోతే 'ఉక్కగా ఉన్నది, తగు ఆదేశాల నిమిత్తం సమర్పించడమైనది' అని రాసి పైకి పంపి, ఆదేశాలు వచ్చేలోపు చలికాలం వచ్చేస్తే 'ప్రస్తుతం ఉక్క లేనందున ఫైలు మూసివేయడమైనది' అని రాసిన చెయ్యి అది. ఆ చెయ్యి తనంతట తాను ఏ పనీ చేసి ఎరగదు. రాసిన ప్రతి కాగితం మీదా పైన ఎవరిదో సంతకం ఉండేది. అందుకని ఆయన సర్వీసులో ఒక్క తప్పూ లేదు, ఒక్క ఒప్పూ లేదు.

రిటైరయ్యాక కాకినాడ శివార్లలో సుపరిపాలనా నగర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. ఆ కాలనీలో ఉండేవాళ్ళంతా ఆయనలాంటి వాళ్ళే. పాలవాడు గుమ్మంలోకొస్తే ప్యాకెట్టు అందుకునేవాళ్ళు తక్కువ, 'అక్కడ పెట్టు, చూస్తాను' అనేవాళ్ళు ఎక్కువ. ఒకాయనకి యోగా పిచ్చి, ఒకావిడకి చిరుధాన్యాల పిచ్చి. భుజంగరావుకి మాత్రం ఏ పిచ్చీ పట్టలేదు. పేపరు చదవడం, చదివిన పేపర్ని తేదీల వారీగా సర్దడం, అంతే. "ఈయనకి ఏదో ఒకటి పట్టించు తల్లీ, లేకపోతే నాకు పట్టేలా ఉంది" అని భార్య కనకరత్నం రోజూ దేవుడి గదిలో మొరపెట్టుకునేది.

అమ్మవారు ఆలకించింది. ఓ ఆదివారం బీచిలో ఎవరో ఒకాయన చిన్న విమానాన్ని ఎగరేస్తున్నాడు. నడిపే ఆయన ఇసకలో నించుని చేతిలో రిమోటు మీద బొటనవేలు ఇంత కదిపితే, ఎక్కడో సముద్రం మీద ఆ విమానం రెక్క వంచి అంత ఒయ్యారంగా తిరిగింది. భుజంగరావు చేతిలో మొక్కజొన్న పొత్తు చేతిలోనే ఉండిపోయింది. వేలు ఇక్కడ కదిలితే పని అక్కడ అయిపోవడమా! మధ్యలో ఎవరూ లేరా? పక్క గదికి కాగితం వెళ్ళి రావడానికే పంట చేతికొచ్చేంత కాలం పట్టే లోకంలోంచి వచ్చినవాడికి అది విమానంలా కనపళ్ళేదు, దేవుడి మహిమలా కనపడింది.

"నేనూ ఒకటి కొంటానే" అన్నాడు ఇంటికొస్తూ.

"కొనుక్కోండి" అంది కనకరత్నం వెంటనే. ఆయన నివ్వెరపోయాడు. అంత త్వరగా దేనికైనా మంజూరు దొరకడం ఆయన జీవితంలో అదే మొదలు.

విమానం వచ్చింది. తేలికైన ఫోముతో చేసింది, తెల్లటి ఒళ్ళు, ఎర్రటి రెక్కలు, ముక్కున ప్రొపెల్లరు. రిమోటు మీద రెండు బుల్లి పుల్లలు. ఎడం పుల్ల పైకి తోస్తే వేగం. కుడి పుల్లతో పైకీ కిందకీ, అటూ ఇటూ. ఇంతే కదా అనుకున్నాడు. అసలు తిరకాసు ఎక్కడుందంటే, విమానం మనకి వీపు పెట్టి వెళ్తున్నంతసేపూ దాని కుడే మన కుడి. అది తిరిగి మన మొహం మీదకి వచ్చేటప్పుడు దాని కుడి మనకి ఎడమ. అప్పుడు వేలు తారుమారు చెయ్యాలి. పడుచువాళ్ళకి నాలుగు రోజుల్లో అలవాటైపోతుందట. అరవై దాటిన బుర్రకి అలా ఎక్కదు.

అందుకని కనకరత్నం విమానాన్ని చేత్తో పట్టుకుని వంటింట్లోంచి హాల్లోకి నడుచుకుంటూ వచ్చేది. ఆయన ఎదురుగా రిమోటు పట్టుకుని నించునేవాడు. ఆయన ఎటు తిప్పితే ఆవిడ అటు తిరగాలి.

"కుడికి తిప్పండి, సోఫా వస్తోంది! నా కుడికండీ, మీ కుడికి కాదు!"

"తిప్పాను కదే!"

"తిప్పారు, గోడలోకి. ఏవండీ, మీ చేతుల్లో పడి ఈ ఇంట్లో ఇంకెన్ని గోడలు గుద్దుకోమంటారు?" అంటూ ఆవిడ నుదురు రుద్దుకుంటూ నవ్వేది. ఆయనా నవ్వేవాడు. పెళ్ళయిన కొత్తలో కూడా ఆ ఇద్దరూ అంతగా నవ్వుకున్నట్టు గుర్తులేదు.

ఇక ఎగరెయ్యడమే తరువాయి. కాలనీ వెనక పెద్ద ఖాళీ స్థలం ఉంది. అందులో గేదెలు మేస్తాయి, పిల్లలు క్రికెట్టాడతారు, చాకలి దుప్పట్లు ఆరేస్తాడు. భుజంగరావు విమానం చంకన పెట్టుకుని ఆ స్థలం గట్టు దాకా వెళ్ళాడు. కాలు ముందుకి పడలేదు.

"ఏమైందండీ?" అంది వెనకాలే వచ్చిన కనకరత్నం.

"స్థలం సంఘానిది కదా. ఓ మాట అడిగితే పద్ధతిగా ఉంటుంది."

"ఆ గేదెలు ఎవర్నడిగి మేస్తున్నాయి?"

"అవి సర్వీసు చెయ్యలేదు" అన్నాడు భుజంగరావు, నిజంగానే.

ఆ సాయంత్రమే కాలనీ సంక్షేమ సంఘానికి అర్జీ పెట్టాడు. పెట్టాక గాని ఆయనకి ప్రాణం కుదుటపడలేదు. అయ్యో పిచ్చి మహానుభావా, ఆ కుదుటపడ్డమే నీ కొంప ముంచింది కదయ్యా!

సంఘం అధ్యక్షులు చామర్తి విశ్వంభరం గారు, రిటైర్డ్ జాయింట్ డైరెక్టరు. ఏ శాఖలో అన్నది కాలనీలో ఎవరికీ గుర్తులేదు గాని, ఆ జాయింటుని మాత్రం ఆయన ఎవర్నీ మర్చిపోనివ్వలేదు. అందరూ జేడీ గారనే పిలుస్తారు. కార్యదర్శి పట్టాభిరామయ్య గారు రిటైర్డ్ తాసిల్దారు, ఏ మాట వచ్చినా ముందు దాని హద్దులు అడుగుతారు. కోశాధికారి రాజ్యలక్ష్మి గారు ఆడిట్ శాఖ. ఆవిడ ముందు అభ్యంతరం చెప్పి, తరవాత విషయం వింటారు. ఈ ముగ్గురికీ రిటైరైన దగ్గర్నుంచీ చేతినిండా పనిలేదు. మురిక్కాలవ, కుక్కలు, వాచ్‌మన్ టోపీ, వీటి మీద ఎన్నని తీర్మానాలు చేస్తారు! విమానం అన్న మాట చూడగానే ముగ్గురి మొహాలూ వెలిగిపోయాయి. అత్యవసర సమావేశం పెట్టేశారు.

"మౌలికమైన ప్రశ్న" అన్నారు జేడీ గారు, విమానాన్ని బల్ల మీద పెట్టించి దాని చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి. "ఇది ఆటబొమ్మా? లేక విమానమా?"

"ఆటబొమ్మేనండీ ఒక రకంగా" అన్నాడు భుజంగరావు వినయంగా.

"అయితే అనుమతి కుదరదు. అరవై పైబడిన సభ్యులు ఆటబొమ్మలతో ఆడుకొనుటకు మన నియమావళిలో వెసులుబాటు లేదు. విమానం అని మీరు ఒప్పుకుంటే పరిశీలించవచ్చు."

"అయితే విమానమేనండీ."

"విమానమే అయినచో" అన్నారు పట్టాభిరామయ్య గారు కళ్ళజోడు సవరించుకుని, "అది దిగే స్థలం విమానాశ్రయం అవుతుంది. నాలుగు హద్దులూ వెయ్యాలి."

"ప్రయాణికుల సంగతేమిటి?" అన్నారు రాజ్యలక్ష్మి గారు.

"ప్రయాణికులా! నా చెయ్యంత ఉంటుంది కదండీ, ఇందులో ఎవరెక్కుతారమ్మా?"

"లేరని మీరంటే సరిపోదండీ. లేరని ధ్రువీకరించాలి. రేపు చీమలెక్కితే?"

చీమలెక్కవని భుజంగరావు మాత్రం ఎలా చెప్పగలడు! దాంతో ఎగిరే ముందు ప్రతిసారీ 'చీమలతో సహా ఇందు ప్రయాణికులెవ్వరూ లేరు' అని ధ్రువీకరణ పత్రం ఇవ్వాలని తీర్మానమైంది. ఖాళీ స్థలంలో బోర్డు లేచింది. 'సుపరిపాలనా నగర్ విమానాశ్రయం. గేదెలకు ప్రవేశము లేదు.' గేదెలు ఆ బోర్డుకి వీపు గోక్కుని మేత సాగించాయి. సంఘం స్థలంలో ఎగిరేది సంఘం ఆస్తి కిందకి వస్తుంది కనక విమానం ఎర్ర రెక్క మీద తెల్ల పెయింటుతో స్టాకు నంబరు వేసి, సంఘం ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళం చెవి జేడీ గారి దగ్గర.

ఇక్కడో సంగతి దాచకుండా చెప్పాలి. ఈ తీర్మానాలన్నీ రాసి పెట్టింది ఎవరనుకున్నారు? భుజంగరావే. "డ్రాఫ్టు పెట్టండి భుజంగరావు గారూ" అని జేడీ గారు అనగానే ఆయన చెయ్యి దానంతటదే జేబులో పెన్ను తీసేసింది. చీమల నిబంధనలో 'సహా' అన్న మాట పడ్డచోట ఆయనకి ఒళ్ళు పులకరించింది కూడా. అంత చక్కటి డ్రాఫ్టు సర్వీసులో కూడా రాయలేదనుకున్నాడు. ఇంటికెళ్ళి చదివి వినిపించాడు.

"బాగుంది" అంది కనకరత్నం. "విమానం ఏదండీ?"

అప్పుడు గాని ఆయనకి బీరువా గుర్తు రాలేదు. మర్నాటి నుంచి రోజూ సాయంత్రం సంఘం ఆఫీసుకి వెళ్ళి బీరువా ముందు కాసేపు కూర్చుని వచ్చేవాడు. బీరువా తలుపు సందులోంచి ఎర్ర రెక్క అంచు కొంచెం కనపడుతుంది. దాన్ని చూస్తే ఏడుపొచ్చేది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి తన చేత్తో తాను దాన్ని ఎగరెయ్యాలి. అంతకు మించి ఆయనకి ఏ కోరికా లేదు.

తరవాతి సమావేశం అసలైన విషయం మీద. ఎవరు నడపాలి?

"నేనేనండీ, నాదే కదండీ అది" అన్నాడు భుజంగరావు.

గదిలో అందరూ ఆయన వంక జాలిగా చూశారు. జేడీ గారు చాలా మృదువుగా అన్నారు. "భుజంగరావు గారూ, మీ ఉత్సాహం ప్రశంసనీయం. కానీ సీనియారిటీ అనేది ఒకటుంటుంది కదా. జాయింటు డైరెక్టరు స్థాయి అధికారి నేల మీద నించుని ఉండగా, సూపరింటెండెంటు స్థాయివారు ఆకాశంలో విమానం నడిపితే ప్రజల్లోకి ఏం సంకేతం వెళ్తుంది?"

"పోనీ మీరే నడపండి సార్" అన్నాడు భుజంగరావు.

"అధికారి స్వయంగా పుల్లలు కదపడమా!" జేడీ గారు తెల్లబోయారు. "అధికారి ఆదేశిస్తాడు."

అలా ఏర్పడింది వైమానిక విభాగం. ప్రధాన పైలటు జేడీ గారు, ఆదేశాలు మాత్రమే ఇస్తారు. దిక్కులు తాసిల్దారు గారివి, ఆయనకి ఉత్తరం దక్షిణం బాగా తెలుసు కనక. ఎత్తు రాజ్యలక్ష్మి గారిది, ఏ పెరుగుదల అయినా ఆవిడ సమ్మతి లేకుండా ఉండకూడదు కనక. భుజంగరావు రిమోటు సంరక్షకుడు. విమానం స్థితిగతుల్ని ఎప్పటికప్పుడు నివేదిస్తూ, తగు ఆదేశాలు కోరుతూ, అవి పట్టాభిరామయ్య గారి మీదుగా రాజ్యలక్ష్మి గారికి, ఆవిడ మీదుగా జేడీ గారికి చేరి, అదే దారిన కిందకి దిగివచ్చిన మీదట పుల్ల కదపవలెను. ఆదేశం లేనిదే సంరక్షకుడు పుల్లను తాకరాదు. ఈ చివరి వాక్యం కూడా భుజంగరావు డ్రాఫ్టే. రాస్తూ రాస్తూ 'తాకరాదు' దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగింది గాని, వాక్యం అందం చూసి ఆపలేకపోయాడు.

"అయ్యా, ఒక మనవి" అన్నాడు ఆఖర్న. "ఫైలైతే బల్ల మీద ఆగుతుంది గాని, విమానం గాల్లో ఆగదండీ."

"ఆగకపోతే ఎందుకాగలేదో వివరణ అడుగుదాం" అన్నారు జేడీ గారు.

రిహార్సల్సు కూడా వేశారు. విమానాన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, అది ఎగురుతున్నట్టు అందరూ భావించారు. భుజంగరావు ఎడమ మలుపు కోరాడు. ఎడమ అంటే ఎవరి ఎడమ అని తాసిల్దారు గారు అడిగారు. విమానం ఎడమ అంటే విమానం అధ్యక్షుల వారి వైపు మొహం పెట్టి కూర్చుంది కనక అది అధ్యక్షుల వారికి కుడి అవుతుంది, అధ్యక్షుల వారి కుడిని ఎడమ అనడం మర్యాద కాదు అని వాదన వచ్చింది. కాఫీలు వచ్చాయి, గ్లాసులు వెళ్ళాయి. చీకటి పడుతుండగా ఎడమ మలుపు మంజూరైంది. అందరూ చప్పట్లు కొట్టారు. కుర్చీలో విమానం కదలకుండా కూర్చుంది.

"అయితే ఎగరేసే రోజున మీరేం చేస్తారు?" అని అడిగింది కనకరత్నం అన్నం వడ్డిస్తూ.

"రిమోటు పట్టుకుంటాను."

"దానికి గోడకి మేకు కొడితే సరిపోదా?"

ఆయన పెరుగన్నంలో వేలు పెట్టి అటూ ఇటూ తిప్పాడు. కనకరత్నం ఆయన కంచంలో ఇంకో గరిటె పెరుగు వేసింది. "పోనీలెండి, ఎగురుతుంది కదా, చూద్దాం" అంది. "చూడ్డం వేరే, రత్నం" అన్నాడాయన. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఆవిణ్ణి పేరు పెట్టి పిలవడం తక్కువ.

ప్రారంభోత్సవం నాడు విమానాశ్రయంలో షామియానా వేశారు. వేదిక మీద నాలుగు కుర్చీలు, జేడీ గారి కుర్చీ మీద టర్కీ తువ్వాలు. విమానం ముక్కుకి పసుపు రాసి బొట్టు పెట్టారు, మెళ్ళో బంతిపూల దండ వేశారు, బుల్లి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. దండ బరువుకి విమానం తల వాల్చేసింది. నిమ్మకాయలు విమానం చక్రాల కంటే పెద్దవి. అవి తొక్కించడానికి విమానానికి శక్తి చాలక తాసిల్దారు గారే చెప్పుకాలితో తొక్కారు. కాలనీ అంతా వచ్చింది. షామియానా పక్కన పులిహోర గుండిగ దించారు. మిగతా ఆడవాళ్ళంతా ప్రహరీ గోడ అవతల నీడలో నించున్నారు. కనకరత్నం అందరికంటే ముందు, గోడ మీద చేతులానించి నించుంది.

భుజంగరావు చీమల ధ్రువీకరణ పత్రం చదివి సంతకం చేశాడు. దండ తియ్యడానికి అనుమతి కోరాడు, మంజూరైంది. జేడీ గారు విమానయానం, జాతి నిర్మాణం అన్న విషయం మీద ప్రసంగించారు. ప్రసంగం అయ్యేసరికి జనం సగం మంది పులిహోర గుండిగ చుట్టూ చేరారు. అప్పుడు జేడీ గారు పచ్చజెండా ఊపి, "విమానాన్ని ఎగరనివ్వవలసిందిగా ఆదేశించడమైనది" అన్నారు.

భుజంగరావు ఎడం పుల్ల తోశాడు. విమానం గడ్డి మీద నాలుగు గెంతులు గెంతి లేచింది. లేచింది! ఎర్ర రెక్కలు ఎండలో మెరిశాయి. గోడ అవతల్నించి ఆడవాళ్ళు "అబ్బ!" అన్నారు.

విమానం తిన్నగా పోతోంది. తిన్నగా పోతే ఎదురుగా ఉన్నది వాటర్ ట్యాంకు.

"అయ్యా" అన్నాడు భుజంగరావు, నిబంధనల ప్రకారమే. "విమానం వాటర్ ట్యాంకు దిశగా ప్రయాణిస్తున్నట్టు గమనించడమైనది. కుడివైపు తిప్పుటకు అనుమతి కోరడమైనది."

"ట్యాంకు మన హద్దుల్లోది కాదు" అన్నారు పట్టాభిరామయ్య గారు. "పక్క పంచాయితీది. వాళ్ళ నుంచి నిరభ్యంతర పత్రం ఉందా?"

"తిప్పేది ట్యాంకుని కాదండీ, విమానాన్ని!"

"కుడి మలుపు మనం మంజూరు చెయ్యలేదు" అన్నారు రాజ్యలక్ష్మి గారు. "రిహార్సల్సులో మంజూరైంది ఎడమ ఒక్కటే. నా అభ్యంతరం నమోదు చేసుకోండి."

"పోనీ ఎడమకే ఇప్పించండి తల్లీ, దగ్గరికొచ్చేసింది!"

ఎడమ మలుపు ప్రతిపాదన జేడీ గారి దగ్గరికి చేరింది. ఆయన గెడ్డం నిమురుకుని, ఆకాశం వంక చూసి, ఆలోచించి, "ఈ విషయమై ఒకసారి కూర్చుని మాట్లాడదాం" అన్నారు.

ట్యాంకు మీద పావురాలు లేచిపోయాయి. భుజంగరావు బొటనవేలు పుల్ల మీద లేదు, పుల్లకి వెంట్రుకవాసి దూరంలో ఉంది. తాకరాదు అని రాసింది తనే. ఎంత బాగా రాశాడు, వెధవది! 'ఛీ, నీ బతుకు చెడ' అని తన్ను తాను తిట్టుకున్నాడు, ఆఫీసులో ఎవర్నీ ఎన్నడూ తిట్టనంత గట్టిగా. వేలు పుల్ల మీద వేసి కుడికి నొక్కాడు.

విమానం ట్యాంకుని రాసుకుంటూ రెక్క వంచి తిరిగింది.

ఆ తిరగడం చూసి భుజంగరావుకి కన్నీళ్ళొచ్చేశాయి. వేలు ఇక్కడ, విమానం అక్కడ. మధ్యలో ఎవరూ లేరు! పైకి నొక్కాడు, పైకి వెళ్ళింది. ఎడమకి అన్నాడు, ఎడమకి వెళ్ళింది. కొబ్బరిచెట్ల మీదుగా, డాబాల మీద ఆరేసిన వడియాల మీదుగా, బోర్డు పక్కన గేదెల మీదుగా తిప్పాడు. వెనక నుంచి "ఎవరి ఆదేశం?" "ఏ హద్దుల్లోంచి?" "ఈ ఎత్తుకి నేను సమ్మతించలేదు!" అని కేకలు వినపడుతున్నాయి. "ఉండండి సార్, మధ్యలో మాట్లాడకండి" అన్నాడు భుజంగరావు. జాయింటు డైరెక్టరు స్థాయి అధికారిని! ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని కూడా ఆయనకి తెలీలేదు. ఆయన నవ్వుతున్నాడు. పళ్ళ సెట్టు బయటికొచ్చేంతగా నవ్వుతున్నాడు.

తరవాత విమానాన్ని ఇంటిముఖం పట్టించాడు. అది ఆయన మొహం మీదకే వస్తోంది, షామియానాకి కాస్త పక్కగా. దాన్ని ఇంకొంచెం దాని కుడికి జరిపితే గడ్డి మీద చక్కగా దిగుతుంది.

"మీ కుడికి కాదండీ!" అని గోడ అవతల్నించి కనకరత్నం అరిచింది.

ఆయన తన కుడికే తిప్పాడు.

విమానం షామియానా తాళ్ళ మధ్యనుంచి దూరి, టర్కీ తువ్వాలు ఎగరగొట్టి, తలకిందులై పులిహోర గుండిగలో నడుం దాకా దిగబడింది. ఎర్ర రెక్క ఒకటి విరిగి జేడీ గారి పాదాల దగ్గర పడింది. ప్రొపెల్లరు ఆగే ముందు పది మంది మీద పోపు చిమ్మింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

విచారణ అక్కడికక్కడే, పులిహోర గుండిగ ముందు జరిగింది. అంతా పెద్దమనుషులు. కోపం వచ్చింది, నిజమే. కానీ సాటి ఉద్యోగి, ముసలివాడు, మచ్చలేని సర్వీసు. అతణ్ణి ఎలా బయటపడెయ్యాలా అన్నదే ముగ్గురి తాపత్రయం. అందులో మాత్రం ఆ ముగ్గురూ చెయ్యి తిరిగినవాళ్ళే. కొంపలు కూలిన చోట కూడా కూల్చినవాడు లేకుండా తేల్చిన అనుభవం వాళ్ళది.

"గాలి" అన్నారు పట్టాభిరామయ్య గారు గుసగుసగా. "సముద్రం మీంచి ఈదురుగాలి. ప్రకృతి వైపరీత్యం కింద రాసేద్దాం. పంచనామాకి సాక్షులున్నారు."

చెట్ల ఆకు కదలడం లేదు. షామియానా కింద అందరూ చెమటలు తుడుచుకుంటున్నారు.

"గాలి అయితే నాకు అభ్యంతరం లేదు" అన్నారు రాజ్యలక్ష్మి గారు. ఆవిడ నోట ఆ మాట ఎవరూ ఎన్నడూ విని ఎరగరు.

జేడీ గారు భుజంగరావు భుజం మీద చెయ్యి వేశారు. "చూశారా, మీ గురించి మేం ఎంత ఆలోచిస్తున్నామో. ఇక్కడ ఒక్క సంతకం పెట్టండి. కూలినది గాలి వల్ల. మీకు ఏ సంబంధమూ లేదు."

భుజంగరావు పెన్ను అందుకున్నాడు. అలవాటైన చెయ్యి కదా, కాగితం కనపడగానే వంగింది. సంతకంలో మొదటి అక్షరం సగం దాకా వెళ్ళి ఆగాడు.

"అయ్యా, కూలింది గాలి వల్లయితే, ట్యాంకు దగ్గర తిరిగింది దేనివల్లండీ?"

"అదీ గాలే" అన్నారు జేడీ గారు వెంటనే. "మీకెందుకు, అంతా గాలికే రాసేద్దాం."

"కొబ్బరిచెట్ల మీద తిరగడం?"

"గాలే."

"గేదెల మీదుగా..."

"చెప్పాను కదయ్యా, మొత్తం గాలి! మీరు అసలు ఏమీ చెయ్యలేదు. సరేనా?"

భుజంగరావు మొహం కందగడ్డ అయింది. "ఏం మాటలండీ అవి!" అన్నాడు. "గాలెక్కడిదండీ ఇక్కడ? ఆకు కదుల్తోందా? నేను తిప్పాను. ఈ వేలితో నేను తిప్పాను! ట్యాంకు దగ్గర తిప్పింది నేను, చెట్ల మీద తిప్పింది నేను, ఆ పులిహోరలో కూల్చింది కూడా నేనే. కుడీ ఎడమా మర్చిపోయి కూల్చాను. నా బుద్ధి తక్కువ, నా తప్పు. దాన్ని తీసికెళ్ళి గాలికిస్తారేంటండీ? నాకున్నదల్లా అదొక్కటీ!"

పులిహోర తింటున్నవాళ్ళు నమలడం మానేశారు. తప్పు నాదే అని పదిమందిలో నించుని గొడవపడి మరీ లాక్కునే ఉద్యోగిని సుపరిపాలనా నగర్‌లో ఎవరూ చూసి ఉండలేదు. రాజ్యలక్ష్మి గారు ఏదో అభ్యంతరం చెప్పబోయి, దేనికి చెప్పాలో తెలీక కూర్చుండిపోయారు.

"ఆలోచించుకోండి" అన్నారు జేడీ గారు గొంతు మార్చి. "చర్య చాలా తీవ్రంగా ఉంటుంది."

"ఉండనివ్వండి సార్."

జేడీ గారికి ఇక దారి లేకపోయింది. రాయడానికి ఈసారి భుజంగరావు లేడు కనక ఆయనే స్వయంగా కాగితం తీసుకుని, కొట్టివేతలతో, చెమటలతో కిందామీదా పడి రాశారు. రాసి లేచి నించుని మైకులో చదివారు.

"సదరు భుజంగరావు గారు ఎవరి ఆదేశమూ పొందక, ఎవరినీ సంప్రదింపక, అధికారుల మాటను లెక్కచేయక, కేవలం తన సొంత బుద్ధితో, తన సొంత చేతులతో, తానొక్కరే విమానమును నడిపి, తానొక్కరే దానిని కూల్చినట్లు విచారణలో సందేహమునకు తావులేకుండా రుజువైనది. కావున వారిని వైమానిక విభాగం నుండి శాశ్వతంగా తొలగించడమైనది."

భుజంగరావు గుండిగలోంచి విమానం తీసి, ముక్కుకి అంటిన అన్నం మెతుకులు కండువాతో తుడుస్తూ విన్నాడు. విని, గోడ వైపు చూశాడు. అక్కడ కనకరత్నం మునివేళ్ళ మీద లేచి, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని నించుంది.

"సార్" అన్నాడాయన జేడీ గారితో. "ఆ 'తానొక్కరే' దగ్గర్నుంచి ఇంకోసారి చదివిపెట్టండి. కాస్త గట్టిగా. మా ఆవిడకి సరిగ్గా వినపళ్ళేదు."